దెబ్బ తగ్గాలి, ఎదురు తగ్గకూడదు

స్పారింగులోకి కొత్తగా దిగినవాళ్ళు అడిగే ప్రశ్నలు ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు ఒకటే. ఎంత గట్టిగా కొట్టాలి? వారానికి ఎన్నిసార్లు చేయాలి? బ్యాగు మీద చక్కగా పడే పంచ్, ఎదురుగా మనిషి నిలబడగానే ఎందుకు పడదు? నాకంటే ఆర్నెల్లు వెనక చేరినవాడు నన్ను కొట్టేస్తుంటే నేను ఎదుగుతున్నట్టా, లేనట్టా? ఈ ప్రశ్నలన్నిటి వెనకా ఒకే ఊహ దాగి ఉంది. స్పారింగంటే చిన్న సైజు పోటీ అనీ, అందులో గెలుపోటములే మన ఎదుగుదలకు కొలబద్ద అనీ చాలామంది అడక్కుండానే నమ్మేస్తారు. నిజానికి స్పారింగు సాధనలో ఒక భాగం. దానికి కావలసినవి రెండు. మనం అనుకున్నట్టు నడుచుకోకుండా అడ్డుపడే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషితో రేపు, వచ్చే నెల, వచ్చే ఏడాది కూడా తలపడగలిగే ఒళ్ళు కావాలి. మొదటిది లేకపోతే నేర్చుకునేది ఉండదు; రెండోది లేకపోతే నేర్చుకునేవాడే మిగలడు. కాబట్టి దెబ్బలో బలాన్ని ఎంతైనా తగ్గించుకోవచ్చు, ఎదురును మాత్రం తగ్గించకూడదు. మన దగ్గర చాలా క్లాసుల్లో జరిగేది దీనికి తలకిందులు. ఇద్దరు కొత్తవాళ్ళు కళ్ళు సగం మూసుకుని, ఊపిరి బిగబట్టి, వచ్చిన రెండు పంచ్‌లనే బలమంతా పెట్టి విసురుకుంటారు. చూసేవాళ్ళకు అది వీరత్వంలా కనిపిస్తుంది. అందులో అసలు ఎదురనేదే లేదు, ఎందుకంటే ఇద్దరిలో ఒక్కరు కూడా ఎదుటివాడిని చూడటం లేదు.

దెబ్బ తగ్గించినా ఎదురు తగ్గించకూడదన్న మాటకు ఆధారం జూడో పుట్టుకలోనే ఉంది. జిగోరో కానో 1882లో టోక్యోలోని ఈషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచి కొడోకాన్ ప్రారంభించేనాటికి ఆయనకు నిండా ఇరవై రెండేళ్ళు లేవు. అంతకుముందు ఆయన తెన్‌జిన్ షిన్యో, కీటో అనే రెండు జుజుత్సు బడుల్లో నేర్చుకున్నాడు. పాత జుజుత్సులో కొట్టే దెబ్బలున్నాయి, కీళ్ళు విరిచే పట్లున్నాయి. వాటిని కానో పారేయలేదు. ఇద్దరూ ముందే అనుకుని చేసే కటాలలో వాటిని భద్రపరిచి, ప్రమాదకరమైనవాటిని రాండోరి అనే స్వేచ్ఛా సాధనలోంచి తప్పించాడు. విసరడం, అదిమిపట్టడం వంటివి రాండోరిలో మిగిలాయి. పడినవాడికి దెబ్బ తగలకుండా పడే పద్ధతి ముందుగా నేర్పేవారు. దాంతో ఆ మిగిలినవాటిని శిష్యులు రోజూ, లొంగకుండా పెనుగులాడే మనిషి మీద చేయగలిగారు. 1880లలో టోక్యో పోలీసు శాఖ ఏర్పాటు చేసిన పోటీల్లో కొడోకాన్ శిష్యులు పాత బడులవాళ్ళ మీద పైచేయి సాధించడంతో జూడో పేరు జపానంతా పాకింది. ప్రాణాంతకమైన విద్య చేతిలో ఉన్నవాళ్ళు, దాన్ని తీసి పక్కన పెట్టినవాళ్ళ చేతిలో ఓడిపోవడం పైకి వింతగా కనిపిస్తుంది. కాని తోటి విద్యార్థి మోచేయి విరిచి ఎవరూ సాధన చేయలేరు. చేయలేనిదాన్ని అభినయించడమే మిగులుతుంది, పదేళ్ళు అభినయించినా అది అభినయమే.

దీనికి న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. కానో శిష్యుల్లో కొందరు అంతకుముందే వేరే బడుల్లో ఆరితేరినవాళ్ళు. రాండోరి కూడా కానో గాలిలోంచి పుట్టించింది కాదు, కీటో బడిలో అలాంటి సాధన ముందునుంచీ ఉంది. కనక ఆ గెలుపులన్నిటినీ ఒక్క పద్ధతి ఖాతాలో వేయలేం. అయితే కానోకు వందేళ్ళకు ముందే జపాను కత్తివిద్యలో ఇదే జరిగింది. నిజమైన కత్తితోనో గట్టి చెక్కకత్తితోనో ఒకరినొకరు స్వేచ్ఛగా కొట్టుకుంటే ఆ రోజుతో సాధన సరి. పద్దెనిమిదో శతాబ్దంలో కొన్ని బడులు వెదురుబద్దల కత్తినీ, తలకూ ఛాతీకీ ముంజేతులకూ కవచాన్నీ వాడుకలోకి తెచ్చాయి. ఇవాళ కెండో అంటున్నది అలా ఎదిగిందే. ఒకరు ప్రమాదకరమైన పట్టును తీసేశారు, ఇంకొకరు ఆయుధాన్ని మార్చారు. ఇద్దరూ అట్టే పెట్టుకున్నది మాత్రం ఒకటే: ఏం చేస్తాడో ముందుగా తెలియని ప్రత్యర్థి.

ప్రత్యర్థి లేకుండా ఎందుకు కుదరదు? కటాలు శుద్ధంగా చేసి, బ్యాగు మీద వేల పంచ్‌లు కొడితే చాలదా? కరాటేను ఒకినావా నుంచి జపాను ప్రధాన భూభాగానికి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడైన గిచిన్ ఫునాకోషి అంతటివాడికే స్వేచ్ఛా కుమితే, అంటే కరాటే స్పారింగు, ఇష్టం లేదు, కటాలే కరాటేకు ప్రాణమని ఆయన నమ్మకం. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. ఒట్టి చేతులతో, ఏ రక్షణా లేకుండా యువకులు తలపడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. కాని ఆయన శిష్యులే ఆగలేదు. 1957లో ఆయన కన్నుమూశాడు, ఆ ఏడాదే జపాన్ కరాటే అసోసియేషన్ మొదటి జాతీయ పోటీలు జరిపింది. మన భారతంలోనూ దీనికి సరిపోయే ఘట్టం ఉంది. దుర్యోధనుడు పదమూడేళ్ళపాటు ఇనుముతో చేయించిన భీముడి బొమ్మ మీద గద తిప్పాడు. ఆ సాధన వృథా అనలేం, గదాయుద్ధపు నేర్పులో భీముడికంటే దుర్యోధనుడే మేటి అని కృష్ణుడంతటివాడు ఒప్పుకున్నాడు. కాని ఇనప బొమ్మ తిరిగి కొట్టదు. చివరికి భీముడు కొట్టినట్టు నియమం తప్పి తొడల మీద అసలే కొట్టదు. అది అధర్మమా కాదా అన్న తగువు పండితులకు వదిలేద్దాం. సాధన దృష్టితో చూస్తే, బొమ్మ నేర్పలేనిది ఒకటుందని మాత్రం తేలుతుంది.

ఆ ఒకటీ ఏమిటో శాస్త్రం కొంత చెప్పింది. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకుడు ఉలి మీద సుత్తితో కొట్టే పనివాళ్ళ కదలికలను వేగంగా తీసిన ఫొటోల సాయంతో కొలిచాడు. చేయి తిరిగిన పనివాడి సుత్తి ప్రతిసారీ అనుకున్నచోటే పడుతోంది, కాని భుజం, మోచేయి, మణికట్టు కదలికలు ప్రతిసారీ ఎంతోకొంత వేరుగా ఉన్నాయి. అంటే నేర్పరి ఒకే కదలికను అచ్చు గుద్దినట్టు తిరిగి చేయడు; ఒకే పనిని ప్రతిసారీ అప్పటి పరిస్థితికి తగ్గట్టు కొత్తగా పూర్తిచేస్తాడు. బ్యాగు ముందు పరిస్థితి మారదు కాబట్టి ఆ సర్దుబాటు నేర్చుకునే అవకాశం కూడా అక్కడ తక్కువ. స్పారింగులో దూరం క్షణక్షణమూ మారుతుంది, ఎదుటివాడి భుజం కదిలీ కదలకముందే మనం ఏదో ఒకటి తేల్చుకోవాలి. బ్యాగు మీద అద్భుతంగా పడే పంచ్ మనిషి మీద పడకపోవడానికి కారణం మీ పిరికితనం కాదు. దాన్ని ఎప్పుడు వేయాలన్న సగం చదువు మీకింకా మొదలే కాలేదు.

ఇక జూడోకూ కెండోకూ వర్తించిన ఉపాయం బాక్సింగుకు, కరాటేకు, కిక్‌బాక్సింగుకు ఎలా వర్తిస్తుంది? అక్కడ పంచ్, కిక్ తీసేస్తే మిగిలేదేమీ లేదు. కవచం తొడిగినా తలకు పూర్తి రక్షణ లేదు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గాని, దెబ్బకు తల ఒక్కసారిగా తిరిగినప్పుడు పుర్రెలోపల మెదడు కదలకుండా ఆపలేదు. 2013లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం పెద్దస్థాయి పురుషుల పోటీల్లో హెడ్‌గార్డ్ తీసేసింది, 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్ళు అది లేకుండానే ఆడారు. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న చర్చ అటుంచితే, హెడ్‌గార్డ్ పెట్టుకున్నాం కదా అని బలంగా కొట్టుకోవడం మాత్రం పొరపాటు. 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు, తల మీద దెబ్బలు తిని తిని అడుగు తడబడి, మాట మందగించి, బుద్ధి మొద్దుబారిన బాక్సర్ల గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆ స్థితి ఎవరిలో ఎక్కువని ఆయన చెప్పాడో యువతరం గుర్తుపెట్టుకోవాలి. నైపుణ్యం తక్కువై దెబ్బలు ఓర్చుకుంటూ దూసుకుపోయేవాళ్ళలో, ఇంకా, ఇతరుల సాధన కోసం రోజూ పడిపోతూ లేచే రెండో తరగతి బాక్సర్లలో. అంటే స్పారింగులో వాడుకునే మనుషుల్లో. మెదడుకు పోటీ దెబ్బకూ ప్రాక్టీసు దెబ్బకూ తేడా తెలియదు. స్పృహ తప్పించేంత పెద్దవి కాకపోయినా, ఏళ్ళ తరబడి పోగుపడే చిన్న దెబ్బలు కూడా హాని చేస్తాయని ఆ తర్వాతి పరిశోధన చెబుతోంది.

కాబట్టి కొట్టే విద్యల్లో తగ్గించవలసింది బలాన్ని. తగిలిందని ఇద్దరికీ తెలిసేంత చాలు. అదే సమయంలో వేగం, మోసపుచ్చే కదలిక, అనుకోని కోణం, అడుగుల ఒడుపు, వీటిలో దేన్నీ తగ్గించనక్కర లేదు. థాయ్‌లాండ్ ముయే థాయ్ శిబిరాలు దీనికి మంచి ఉదాహరణ. చిన్నప్పటినుంచీ రింగులో నిజంగా తలపడే యోధులు అక్కడ తరచుగా కనిపిస్తారు. ప్యాడ్ల మీద వాళ్ళ కిక్ పడితే చప్పుడుకు గుండె అదురుతుంది. వాళ్ళే తమలో తాము స్పారింగు చేసేటప్పుడు ఆటలాడుతున్నట్టు, నవ్వుకుంటూ, తాకీ తాకనట్టు కాలు వేస్తారు. త్వరలోనే నిజమైన పోరు ఉన్నవాడు ప్రాక్టీసులో కాలు విరగ్గొట్టుకుంటే ఆ పోరుకు వచ్చే డబ్బు పోతుంది, అతని ఇల్లు ఇబ్బంది పడుతుంది. వాళ్ళ సున్నితత్వం వెనక ఉన్నది లెక్క.

"ఇలా మెత్తగా ఆడితే పోటీలో గట్టి దెబ్బ తగిలినప్పుడు బెదిరిపోనా?" అని మీరు అడగవచ్చు. ఈ అభ్యంతరంలో కొంత నిజముంది. దెబ్బ తిని కూడా కళ్ళు తెరిచి ఉండటం, ఊపిరి అందకపోయినా గార్డ్ దించకపోవడం, వీటిని తేలిక స్పారింగు పూర్తిగా నేర్పదు. అందుకే పోటీ దగ్గరపడినవాళ్ళకు కోచ్ తన కళ్ళముందు, సమానమైన బరువూ అనుభవమూ ఉన్న జోడీతో, కొద్ది రౌండ్లు కొంచెం గట్టిగా పెడతాడు. అది ఎక్కువగా పొట్టకు, డొక్కలకు తగిలే దెబ్బలతో సాధించవచ్చు. ఈ మినహాయింపు పోటీ తేదీ ఖాయమైనవాళ్ళకు. మూడు నెలల క్రితం చేరిన ఇంటర్ విద్యార్థికి కాదు. పైగా బలమే గెలిపిస్తుందన్న నమ్మకం అన్ని పోటీలకూ వర్తించదు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ కరాటే ఫైనల్లో సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమెది ఆధిక్యంలో ఉన్నాడు. అతను వేసిన కిక్ మెడదగ్గర బలంగా తగిలి ఇరాన్ ఆటగాడు సజాద్ గంజ్‌జాదె స్పృహతప్పి పడిపోయాడు. నిర్ణేతలు హమెదిని అనర్హుడిగా ప్రకటించారు. స్ట్రెచర్ మీద బయటికి వెళ్ళినవాడికి స్వర్ణం, నిలబడినవాడికి రజతం వచ్చాయి. ఆ నిర్ణయం మీద నేటికీ వాదనలున్నాయి. కాని ఆ ఆట నియమాల్లో అదుపు కూడా నైపుణ్యంలో భాగమే.

ఇక వెనక చేరినవాడి చేతిలో దెబ్బలు తినే బాధ. ఇది అందరినీ కుంగదీసే విషయం, అయినా దీని మీద మనం పెట్టుకునే లెక్కే తప్పు. 1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న చెక్క అడ్డులను చేత్తో వరసగా పడగొట్టే మూడు రకాల కదలికలను రెండు జట్లకు నేర్పారు. ఒక జట్టు ఒక రకం పూర్తయ్యాకే ఇంకోటి చేసింది, రెండో జట్టు మూడింటినీ కలగాపులగంగా చేసింది. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి జట్టే మెరుగ్గా కనిపించింది. పది రోజుల తర్వాత పరీక్షిస్తే రెండో జట్టుకే ఎక్కువ నిలిచింది. క్రీడా మైదానాల్లో, ముఖ్యంగా బొత్తిగా కొత్తవాళ్ళలో, ఈ ఫలితం ఇంత స్పష్టంగా రాదని తర్వాతి పరిశోధనల్లో తేలింది కనక దీన్ని మంత్రంలా వాడకూడదు. అయినా ఇవాళ బాగా ఆడటం వేరు, రేపటికి నేర్చుకోవడం వేరు అన్న మాట నిలబడుతుంది. ప్రతి రౌండూ గెలవాలనుకునేవాడు తనకు బాగా వచ్చిన ఒక్క కిక్కునే తిప్పితిప్పి వాడతాడు. అతని గెలుపులు పెరుగుతాయి, విద్య మాత్రం అక్కడే ఆగుతుంది. రాని ఎడమకాలి కిక్కును ప్రయత్నించేవాడు పదిసార్లు దొరికిపోతాడు. ఆ పదిసార్లకూ వెల కట్టలేం.

అందుకని రౌండుకు ఒక్క పని పెట్టుకోండి. ఈ రౌండులో ముందు చేతి పంచ్ తప్ప ఇంకేమీ వేయను. ఈ రౌండులో అసలు కొట్టను, తప్పించుకోవడం, పక్కకు జరగడం మాత్రమే. ఈ రౌండులో తాడు దగ్గర ఇరుక్కుని అక్కణ్ణుంచి బయటపడతాను. మీ జోడీకి ముందే చెబితే ఇంకా మంచిది, అతనికీ తన పని తనకుంటుంది. అయ్యాక "ఎవరు గెలిచాం?" అని కాకుండా "నాకు పదేపదే తగిలింది ఏది, అప్పుడు నా చేతులెక్కడున్నాయి?" అని అడిగి, జవాబును ఒక నోటు పుస్తకంలో రెండు ముక్కల్లో రాసుకోండి. ఫోను గోడకు ఆనించి వీడియో తీసుకున్నా సరే, దాన్ని స్టేటస్‌లో పెట్టడానికి తీయనంతవరకు. వారానికి ఎన్నిసార్లు అన్న ప్రశ్నలో లెక్కకంటే బలమే ముఖ్యం. తాకీ తాకనట్టుగా అయితే క్లాసుకు వెళ్ళిన ప్రతిరోజూ కొన్ని రౌండ్లు చేయవచ్చు. తలకు గట్టిగా తగిలే రకం అయితే, పోటీ లేనివాడికి ఎన్నిసార్లు అన్నదానికి సరైన జవాబు సున్నా. మౌత్‌గార్డ్, చేతులకు బ్యాండేజీ, తగిన బరువున్న గ్లవ్స్, మగపిల్లలకు గ్రోయిన్ గార్డ్ లేకుండా దిగవద్దు. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, మసకచూపు, వికారం, గందరగోళం ఏది కనిపించినా ఆ రోజుకు ఆపేయాలి. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, తర్వాత మెట్టుమెట్టుగా కదలికలు పెంచుకుంటూ, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ మనిషి ముందు నిలబడాలి. వాంతులు పదేపదే అవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మగత కమ్ముతున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగలడం చిన్న వయసువాళ్ళలో అరుదుగా ప్రాణాల మీదికి తెస్తుంది.

జోడీ గట్టిగా కొడుతుంటే ఏం చేయాలన్నది మన దగ్గర ఇంకాస్త చిక్కు ప్రశ్న. వయసులో పెద్ద, బెల్టులో పెద్ద, మాస్టారికి కావలసినవాడు అయితే నోరు పెగలదు. ఊరుకోవడం మర్యాద అనుకుంటాం, లేదా పళ్ళు బిగించి అంతే గట్టిగా తిరిగి కొడతాం. రెండోది ఇంకా తొందరగా ఆసుపత్రికి దారి తీస్తుంది. "అన్నా, కొంచెం మెల్లగా" అనే మాట రౌండు మధ్యలోనైనా అనవచ్చు. అన్నాక మీ బలాన్ని మీరు ముందుగా తగ్గించి చూపండి, చాలామంది వెంటనే సర్దుకుంటారు, ఎందుకంటే చాలామంది కావాలని కొట్టరు, కంగారులో కొడతారు. సరైన జోడీ దొరకని చోట ఈ అదుపు మరీ అవసరం. నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టిన రోజుల్లో తోటి ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే సాధన చేసింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆమె ఓర్పును మెచ్చుకోవలసిందే. కాని అందరు అమ్మాయిలూ అలా దెబ్బలు తినే పైకి రావాలని దాని అర్థం కాదు. బరువైనవాడు బలం తగ్గించుకోగలిగితే చిన్న ఊళ్ళో కూడా ప్రతి ఒక్కరికీ జోడీ దొరుకుతుంది.

వీధిలో నిజంగా ఎవరైనా మీద పడితే ఈ సుతారమైన సాధన పనికొస్తుందా అనేవాళ్ళూ ఉన్నారు. వీధిలో మొదటి విద్య అక్కణ్ణుంచి వెళ్ళిపోవడం. దూరాన్ని పసిగట్టడం, కంగారుపడకుండా చూడటం అప్పుడు పనికొచ్చేవి, అవి రెండూ తేలిక స్పారింగులోనే ఎక్కువ పండుతాయి. ఇంకో సంగతి, మన చట్టం ఆత్మరక్షణ హక్కు ఇస్తూనే అవసరానికి మించి హాని చేయకూడదంటుంది. బలాన్ని కొలిచి వాడటం రానివాడికి ఆ గీత దగ్గర ఆగడమూ రాదు.

యుద్ధకళ నేర్చుకుంటే క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం వాటంతట అవే వస్తాయని కరపత్రాలు చెబుతాయి. బెల్టు కట్టినంత మాత్రాన ఏదీ రాదు, తోటివాడిని కొట్టి మురిసిపోయే చోట అహంకారం కూడా బాగానే పెరుగుతుంది. ఏ వాతావరణంలో సాధన చేస్తున్నామన్నదే తేల్చేది. కనక చేరేముందు ఒక సాయంత్రం వెళ్ళి గోడవారగా కూర్చుని స్పారింగు చూడండి. కొత్తవాళ్ళను సీనియర్లు ఎలా చూసుకుంటున్నారు, దెబ్బ తగిలిన కుర్రాడిని మాస్టారు ఆపి చూస్తున్నారా, నవ్వి ఊరుకుంటున్నారా, గమనించండి. మొదటి వారంలోనే కొత్తవాడిని సీనియర్ల మధ్యకు తోసి "గట్టిపడతాడులే" అనే చోట చేరకండి. చేరిపోయి ఉంటే, కట్టిన ఫీజు పోతే పోయింది, మానేసి ఇంకో చోటు చూసుకోండి.